జేజి పెట్టెలో దొరికిన ఉత్తరాలతో రెండు కాలాల నవల రాయొచ్చా?

నంద్యాల నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, ట్రంకుపెట్టెలో 1954 నుంచి 1956 దాకా వచ్చిన పదకొండు ఉత్తరాలు దొరికాయి. రాసింది జేజినాయన కాదు. కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసుతో పాటు వచ్చి, వాళ్ల ఇంటి ముందుగదిలో అద్దెకు దిగిన ఒక గుమాస్తా. దీన్ని నవల చేయాలని ఆమెకు ఆశ. ఒక అధ్యాయం అప్పటిది, ఒక అధ్యాయం ఇప్పటిది అని మార్చి మార్చి రాసుకుంటూ పోతే సరిపోతుందా, రహస్యాన్ని ఆఖరి అధ్యాయం దాకా దాచాలా అని అడిగింది.

సూటిగా చెప్తానమ్మా. మార్చి మార్చి రాయొద్దు. పాత కథను ముందు మొదటి నుంచి చివరి దాకా ఒక్కటిగా రాసేయండి, ముక్కలు చేయడం తర్వాత పని. రహస్యాన్ని కూడా చివరి దాకా దాచొద్దు. సగం పుస్తకం లోపే పాఠకుడి చేతిలో పెట్టేయండి. చివరి దాకా లాక్కుపోవాల్సింది వేరే ప్రశ్న: ఈ సంగతి బయటపడితే ఇప్పుడు బతికున్నవాళ్లలో ఎవరికి నష్టం? దీనికి మీ దగ్గర జవాబు లేకపోతే, ఉన్నది మంచి ప్రేమకథ మాత్రమే. అప్పుడు 1954లోనే మొదలుపెట్టి 1956లో ముగించండి, ఇప్పటి కాలం జోలికి పోకండి. అదేం తక్కువ కాదు.

నేనెవరినో చెప్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. కర్నూలు పాతబస్తీలో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. రెండు నవలలు రాశాను. రెండోది అచ్చయింది, మొదటిది ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అది ఎందుకు బీరువాలో ఉండిపోయిందో చెప్పడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

దస్తావేజులు రాసేవాడి దగ్గరికి పాత రహస్యం కోసం ఎవరూ రారు. ఇప్పటి అవసరం కోసం వస్తారు. ఒకసారి ఒక పెద్దాయన 1956 నాటి కాగితం పట్టుకొచ్చాడు. వాళ్ల నాయన ఒక వీధివైపు గదిని, దానివెనక నాలుగు గజాల జాగాను ఎవరో ఆడమనిషి పేరున రాసిచ్చాడు. ఊరిపేరు, మనుషుల వివరాలు మార్చి చెప్తున్నాను. యాభై ఏళ్లు ఆ కాగితం ఇంట్లోనే ఉంది, ఎవరికీ పట్టలేదు. రోడ్డు వెడల్పు చేసి ఆ గది అంగడి గది అయ్యేసరికి, "ఎవరు ఈ ఆడమనిషి?" అన్న ప్రశ్న పుట్టింది. మన సెటిల్మెంటు దస్తావేజుల్లో ఒక వరస మాట ఉంటుంది, "నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అని. కొడుక్కి రాసినా, అక్కకు రాసినా, కోడలికి రాసినా అదే మాట. కొన్ని వేలసార్లు రాశాను, ఏనాడూ దాని అర్థం గురించి ఆలోచించలేదు. ఆ పెద్దాయన మాత్రం ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇది మామూలుగా రాసేదేనా, మా నాయన చెప్పి రాయించిందా?" అని అడిగాడు. నేను మామూలుగా రాసేదే అన్నాను. ఆయనకు కాస్త ఊరట కలిగినట్టుంది. కాస్త నిరాశ కూడా కలిగిందేమో, ఇప్పటికీ నాకు అనుమానమే.

చూడండి, ఆ ఒక్క నిమిషంలో రెండు కాలాలూ ఉన్నాయి. 1956లో ఏం జరిగిందో మనకు ఇంకా తెలియదు. అయినా కథ మొదలైపోయింది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ జవాబుతో పని ఉంది. మీ నవలలో ఈ కూర్చున్న మనిషి ఎవరు? మనవరాలా? మనవరాలికి కుతూహలం తప్ప నష్టం ఏముంటుంది? మీ నాయనగారో, పెద్దత్తో అయితే వేరు. తన పుట్టుక మీద, తన పేరున ఉన్న ఇంటి మీద, తల్లి గురించి తను అందరికీ చెప్పుకున్న కథ మీద దెబ్బ పడేది వాళ్లకు. ఉత్తరాలు దొరికేది మనవరాలికి కావచ్చు, తలుపు మూసేది మాత్రం వాళ్లు కావాలి.

ఇక నా మొదటి నవల. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇల్లు కూడా మునిగింది. నీళ్లు తీసిన తర్వాత నా కాగితాల కట్టలు మిద్దె మీద ఆరబెట్టుకున్నాను. ఆ తడిసిన కట్టల్లో ఒక ఉత్తరం దొరుకుతుంది, అందులో ఒక ప్రేమ ఉంటుంది, అదీ నా నవల. వరద గురించి అరవై పేజీలు రాశాను. బాగా వచ్చాయని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ ఉత్తరం దొరికినా దొరకకపోయినా నా కథలో ఎవరికీ ఏమీ కాదు. వరద వల్ల పెట్టె తెరుచుకుంది, అంతే. చదివిన మిత్రుడొకాయన, "వరద బాగుంది, ఉత్తరం బాగుంది, ఈ రెండూ ఒకదాన్నొకటి ఎరగవు" అన్నాడు. ఆ రాత్రి కోపం వచ్చింది. పొద్దున్నే బీరువాలో పెట్టేశాను.

ఆ వరద ఒక పనికొచ్చే సంగతి మాత్రం నేర్పింది. ఫౌంటెన్ పెన్ను సిరాతో రాసినవి చాలావరకు నీలిమరకలైపోయాయి. పెన్సిల్‌తో రాసిన లెక్కలు మాత్రం నిన్న రాసినట్టే ఉన్నాయి. మీ ఉత్తరాల్లో ఏది మిగలాలి, ఏది పోవాలి అన్నది మీ ఇష్టం వచ్చినట్టు కాకుండా ఇట్లా వస్తువే తేల్చేటట్టు చూసుకోండి. ఆయన సిరాతో రాసిన మాటలు పోయి, మీ జేజి ఆ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకున్న చాకలి పద్దు మిగిలితే ఎట్లుంటుంది? నవలంతా చాకలి పద్దు నుంచి కట్టుకు రావొచ్చు.

ఇప్పుడు మీ కథకు వస్తాను. మీకు దొరికిన కాలం మామూలుది కాదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది, కర్నూలు రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. అంటే మూడేళ్ల ఒక నెల. ఊళ్లో సరిపడా భవనాలు లేక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. మద్రాసు నుంచి, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు దొరకడమే కష్టం. ముందుగది అద్దెకివ్వని ఇల్లు ఇచ్చే ఇల్లయింది. మీ జేజి ప్రేమకు మొదలు, చివర రెండూ ప్రభుత్వమే గీసిపెట్టింది. మీరు కల్పించాల్సిన పని లేదు.

దీన్ని తెలుగు సంవత్సరాల్లో చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. 1953 ఉగాదితో మొదలైంది విజయ. తర్వాత జయ, తర్వాత మన్మథ. రాజధాని తరలిపోయిన 1956 దుర్ముఖి. విజయలో వచ్చి, మన్మథలో ప్రేమించి, దుర్ముఖిలో వెళ్లిపోయాడు! నేను కల్పించి రాస్తే "మరీ అతిగా ఉందయ్యా" అని కొట్టేసేవాళ్లు. పంచాంగం రాసింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు. అయినా సరే, ఈ సంగతిని నవలలో ఎత్తి చూపొద్దు. ఉత్తరాల పైన సంవత్సరం పేరు రాయించండి చాలు. పట్టుకునే పాఠకుడు పట్టుకుంటాడు.

సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు మళ్లీ తిరిగొస్తాయి కదా. 2016 కూడా దుర్ముఖే. ఆ ఏడు నవంబరు 8 రాత్రి అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఆ వారం మన ఇళ్లలో ఆడవాళ్లు పోపుడబ్బాల్లో, బియ్యం డ్రమ్ముల్లో, చీర మడతల్లో, ట్రంకుపెట్టెల అడుగున దాచినవి ఎట్లా బయటికి తీశారో మీకూ గుర్తుండే ఉంటుంది. ఎవరి పెట్టె వాళ్లు తాళం తీయక తప్పని వారం అది. ఆయన కర్నూలు వదిలి అరవై ఏళ్ల ఒక వారం. జేజి నోట్ల కోసం మీ నాయన పెట్టె తెరుస్తాడు, నోట్లతో పాటు కట్ట ఒకటి చేతికి వస్తుంది, జేజి "అది ముట్టుకోవాకు" అంటుంది. నా వరద కంటే ఇది వంద రెట్లు మేలు. వరద ఎవరి పెట్టెనైనా తెరుస్తుంది. ఇక్కడ మాత్రం దాచుకున్న మనిషే తన చేతులతో తాళంచెవి ఇవ్వాల్సి వచ్చింది.

మధ్యలో ఇంకో మలుపు కూడా చరిత్రే ఇచ్చింది. 1955 సెప్టెంబరు చివర రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే కలపొచ్చని అందులో ఉంది. ఆ వార్త పేపర్లో చదివిన ముందుగది గుమాస్తాకు ఏమనిపించి ఉంటుంది? ఇంకా ఐదారేళ్లు ఇక్కడే! ఇంటాయనతో మాట్లాడదామా, ఇంకో పండగ దాకా ఆగుదామా అని తాత్సారం చేసి ఉంటాడు. తీరా 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, నవంబరుకల్లా ఊరు ఖాళీ. ఆయన పిరికివాడు కాబట్టి అడగలేదు అని రాస్తే చప్పగా ఉంటుంది. టైముందనుకున్నాడు కాబట్టి అడగలేదు అంటే నమ్ముతాం, బాధ కూడా ఎక్కువ.

చరిత్ర మీ పాత్రల దగ్గరికి ఎంత వస్తుందో అంతే రాయండి. కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక 1937లో జరిగిందని, దానివల్లే రాజధాని ఇక్కడికి వచ్చిందని మీరు తెలుసుకోవాలి, జేజి నోట చెప్పించొద్దు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. మీ కథలో దానికి ఉన్న విలువ ఏంటంటే, ఆ నెల గుమాస్తా ఆఫీసు నుంచి పొద్దుపోయి వచ్చాడు, జేజి సంగటి చల్లారిపోయిందని సణిగింది. అంతే చాలు.

తప్పులు దొర్లే చోట్లు కొన్ని చెప్తాను. ఇవి చిన్నవే, కానీ ఒక్కటి దొరికినా పాఠకుడు మీ చెయ్యి వదిలేస్తాడు.

1957 ఏప్రిల్ దాకా నయాపైసలు లేవు. అద్దె అణాల్లో, రూపాయల్లో ఉండాలి. ఉత్తరం మీద పిన్‌కోడ్ వేయించొద్దు, అది 1972 ఆగస్టు 15న వచ్చింది. 1954 ఉత్తరంలో "ఆంధ్రప్రదేశ్" అన్న మాట రాకూడదు, "ఆంధ్ర రాష్ట్రం" అనాలి. "రాయలసీమ" అనొచ్చు, ఆ పేరు 1928లో నంద్యాల మహాసభలో పెట్టారు. అయితే జేజి వాళ్ల తాతల కాలానికి పోతే మాత్రం "దత్త మండలాలు" అనే ఉండాలి. హీరో కుంగిపోయి సారాయి అంగడికి పోయే సీను రాయకండి, అప్పుడు ఇక్కడ మద్యనిషేధం. దొంగసారా అయితే సరే, దానికి ఎక్కడికి పోవాలో, ఎవరు చూస్తారో అదొక కథ.

అన్నిటికంటే పెద్ద తప్పు రెండో పెళ్లి దగ్గర. నా దగ్గరికి చదవమని వచ్చే రాతప్రతుల్లో కుటుంబ రహస్యం అంటే పదింట ఆరు రెండో సంసారమే. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది కాబట్టి అంతకుముందు ఇద్దరు భార్యలు మామూలే అని ధీమాగా రాసేస్తారు. మనం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మద్రాసులో 1949లోనే హిందువులకు ద్విభార్యత్వాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. కాబట్టి 1954లో కర్నూల్లో మొదటి భార్య ఉండగా ఇంకో తాళి కట్టిన హిందువు పెళ్లి చెల్లదు. ఇది తెలిస్తే మీ కథ చెడిపోదు, బలపడుతుంది. లోకం ఏమనుకుంటుందో అన్న భయం ఒక్కటే అయితే అరవై ఏళ్లు దాచాల్సిన పని లేదు. పుట్టిన బిడ్డకు ఆస్తిలో స్థానం ఏంటన్న భయం ఉంటే దాస్తారు.

బనగానపల్లె సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, 1948 దాకా అది నవాబుల సంస్థానం. మీ నంద్యాల పక్కనే ఇంకో ప్రభుత్వం ఉండేది. జేజి పుట్టిల్లు అటువైపైతే ఆమె బాల్యం వేరే పాలనలో గడిచినట్టే.

భాష గురించి. పాత కాలం అనగానే మాటల్ని గ్రాంథికంలోకి తోయకండి. 1954లో మన ఊళ్లలో మనుషులు "యాడికి పోతాండావు", "తినిపో నాయనా" అనే మాట్లాడుకున్నారు. గ్రాంథికం ఉత్తరాల్లో ఉంటుంది. "ఉభయకుశలోపరి", "వెంటనే జవాబు వ్రాయునది" అని. ఒకే మనిషి నోటి మాట, చేతి రాత వేరువేరుగా ఉండడమే ఆ కాలపు రుచి. ప్రేమను మాత్రం ఆ ఉత్తరాల్లో తిన్నగా రాయించకండి. అద్దె ఇంటి అమ్మాయికి ఎవడూ పేజీలకు పేజీలు విరహం రాయడు, నలుగురి చేతుల మీదుగా వచ్చే ఉత్తరం అది. రెండో నవలలో నేను చేసింది చెప్తాను. అందులో అబ్బాయిది గుంటూరు వైపు. మొదటి ఉత్తరంలో "మీ ఊరి మరమరాల ఉప్మా" అని రాస్తాడు. మూడో ఉత్తరంలో మన సీమ మాటే, "బొరుగులు" అంటాడు. ఎనిమిదో దాంట్లో "ఉగ్గాని" అని, పక్కన బజ్జీ కూడా తలుచుకుంటాడు. వేరుశనగకాయలు చెనక్కాయలవుతాయి. చివరి ఉత్తరం వేరే ఊరు పోయాక రాసింది, అందులో మళ్లీ "మరమరాలు" అంటాడు. ఆ ఒక్క మాట చదివి అమ్మాయి ఉత్తరం మడిచి పెట్టేస్తుంది. ఎందుకు మడిచిందో నేను రాయలేదు. చదివిన సీమవాళ్లంతా నాకు ఫోన్ చేసి అదే చోటు చెప్పారు. కోస్తా మిత్రుడొకడు మాత్రం అచ్చుతప్పనుకున్నాడు, అది వేరే సంగతి.

ఇక అల్లిక. పాత కథ పూర్తయ్యాక దాన్ని ఒక్కో సంఘటన ఒక్కో చీటీ మీద రాసుకోండి. ఇప్పటి కథలోని సంఘటనలు వేరే రంగు చీటీల మీద. నేలమీద పరిచి చూడండి. పక్కపక్కన పెట్టాల్సినవి ఒకేలాంటి సంఘటనలు కాదు. అక్కడ వాన, ఇక్కడ వాన, అక్కడ రైలు, ఇక్కడ రైలు, ఇది అందరూ చేస్తారు, రెండోసారికే విసుగు పుడుతుంది. ఇప్పటి మనిషి కాగితం చూసి తప్పుగా అర్థం చేసుకున్న చోట, పాత కాలపు అసలు సంఘటన పెట్టండి. ఉదాహరణకు ఒక అమ్మకం దస్తావేజు. "అయిదువందల రూపాయలు రొక్కం ముట్టినవి" అని ఉంటుంది. చాలాసార్లు డబ్బు ముట్టదు, ఊరికే అట్లా రాస్తారు. కాగితం చదివిన మనవడు, "ఓహో, మా తాత ఆ ఇల్లు ఆమెకు అమ్మేశాడు, ఇంకేం సంబంధం లేదు" అనుకుంటాడు. ముందు పేజీలోనే పాఠకుడు ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద ఏం జరిగిందో చూసి ఉంటాడు. డబ్బు చేతులు మారలేదు. ఆమె ఊరికే తీసుకోనంటే ఆయనే అమ్మకమని రాయించాడు. ఇప్పుడు పాఠకుడికి తెలుసు, మనవడికి తెలియదు. పేజీ తిప్పించేది ఈ తేడానే. అందుకే రహస్యం ముందే చెప్పమన్నాను.

దస్తావేజులను వాడుకునేటట్టయితే ఒక లెక్క తెలుసుకోండి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది ఒకటో పుస్తకంలోకి, దాన్ని రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు, దత్తత అధికారపత్రాలు మూడో పుస్తకం. రాసిన మనిషి బతికుండగా వీలునామా నకలు ఆ మనిషికో, ఆ మనిషి ఏజెంటుకో మాత్రమే ఇస్తారు, పోయిన తర్వాత ఎవరడిగినా ఇస్తారు. జేజి బతికుండగా మనవరాలు ఆఫీసుకు పోయి ఆమె వీలునామా చదివేసే సీను చాలా నవలల్లో, సీరియళ్లలో చూశాను. కుదరదు. ఆ కుదరకపోవడాన్నే వాడుకోండి. ఇంట్లో వాళ్లంతా జేజి పోవాలని కోరుకోరు, కానీ ఆ కాగితంలో ఏముందో తెలియాలంటే ఆమె పోవాలి. అటువంటి ఇంట్లో అన్నం ఎట్లా వడ్డిస్తారో రాయండి.

ఇంకొక సలహా, అడగకపోయినా చెప్తున్నాను. మన పాత కర్నూలు జిల్లా వాళ్లు రెండు కాలాల కథ అనగానే సంగమేశ్వరం పెడతారు. శ్రీశైలం నీళ్లు తగ్గితే ఎండాకాలంలో గుడి బయటపడుతుంది, వరదొస్తే మళ్లీ మునుగుతుంది. గతం తేలడం, మునగడం అని తయారుగా దొరికే పోలిక. అందుకే అందరూ వాడేశారు. మీ వాళ్లది ముంపు ఊరైతే తప్పకుండా రాయండి, కానీ అప్పుడు గుడి గురించి కాదు, ఇల్లు కూలగొట్టే రోజు దూలాలు, ద్వారబంధాలు ఎవరు బండికెత్తుకున్నారో రాయండి. ముంపుతో సంబంధం లేకపోతే ఆ గుడిని వదిలేయండి.

మీ జేజి ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ముందు ఆమెను అడగండి. ఉత్తరాలు చదివిన తర్వాత కాదు, మిగతావి చదవక ముందే. నా రెండో నవల అచ్చయ్యాక మా బంధువులొకరు మాట్లాడ్డం మానేశారు. అందులో ఉన్నది వాళ్ల కథ కాదు. కానీ ఎర్రరంగు ఇనప్పెట్టె, దాని మీద గీసిన నెమలి బొమ్మ వాళ్లింటివే. పెట్టె రంగు మార్చుకోలేకపోయావా అన్నారు. నిజమే, మార్చాల్సింది.

ఇదంతా చేసే ముందు ఒక చిన్న పని చేయండి. పదకొండో ఉత్తరం బయటికి తీసి పోస్టు ముద్ర చూడండి, భూతద్దం ఉంటే మేలు. ముద్ర కర్నూలుదైతే ఆయన ఊళ్లో ఉండగానే, ఒకే ఇంట్లో ఉంటూనే, పోస్టులో ఉత్తరం వేశాడన్నమాట. ముందుగది నుంచి వంటింటికి టపా ఖర్చు పెట్టి ఎందుకు పంపాడో అప్పుడు మనం ఆలోచించాలి. హైదరాబాదుదైతే వెళ్లిపోయాక రాశాడు, జేజి దాన్ని తీసుకుంది, దాచింది, జవాబిచ్చిందో లేదో తెలియదు. ఏ ముద్ర ఉందో చెప్పండి. దాన్ని బట్టి పైన రాసినదాంట్లో సగం మార్చుకోవాల్సి రావొచ్చు.